పంచాయతీ చెక్కుబుక్కు మా బీరువాలో ఉండేది

మా ఇంట్లో పాత ఇనప బీరువా ఒకటి ఉంది. పై అరలో పొలం కాగితాలు, కింది అరలో నాయనమ్మ పట్టుచీరలు, మధ్యలో తాళం పడే సొరుగు. 1995 తర్వాత ఐదారేళ్లపాటు మా ఊరి పంచాయతీ చెక్కుబుక్కు, రబ్బరు స్టాంపు, తీర్మానాల పుస్తకం ఆ సొరుగులోనే ఉండేవి. మా ఇంట్లో ఎవరూ సర్పంచ్ కాదు. సర్పంచ్ మా పొగాకు చేలో పనిచేసే మనిషి.

మాది అప్పటి ప్రకాశం జిల్లాలో పొదిలికీ కనిగిరికీ మధ్య ఒక మెట్ట ఊరు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడు మన రాష్ట్రం కొత్త పంచాయతీరాజ్ చట్టం చేసుకుంది. ఆ చట్టం కింద జరిగిన మొదటి ఎన్నికల్లోనే మా ఊరి సర్పంచ్ పదవి ఎస్సీలకు రిజర్వయింది. అంతకుముందు ఆ పదవి మా తాతది, ఆయనకు ముందు ఆయన పెదనాన్నది. కబురు తెలిసిన రోజు రాత్రి రామాలయం అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. నేను ఆరో తరగతి, తాత పక్కనే నిద్రమత్తులో ఉన్నాను. తెల్లారేసరికి ఊరు ఏకగ్రీవం అయిపోయింది. ఆ అరుగు మీద పల్లె నుంచి, అంటే మా ఊరి దళితవాడ నుంచి, ఒక్కరూ లేరన్న సంగతి నాకు ఇరవై ఏళ్ల తర్వాత గాని తట్టలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. యాభై దాటిన మనిషి. పదకొండేళ్ల నేను ఆయన్ని ‘ఒరే’ అని పిలిచేవాణ్ణి, మా ఇంట్లో ఎవరూ తప్పనలేదు. చెక్కు మీద సంతకం అవసరమైనప్పుడల్లా తాత కబురు చేస్తే వచ్చేవాడు. చెప్పులు గేటు బయట విడిచి వేపచెట్టు కింద నిలబడేవాడు. తాత బీరువా తీసేవాడు, స్టాంపు ప్యాడు తెచ్చివ్వడం నా పని. ఆయన రాత్రిబడిలో సంతకం నేర్చుకున్నాడు. ఒక్కో అక్షరాన్నీ మొలక నాటినట్టు ఒత్తి రాసేవాడు. ఎక్కడ పెట్టాలో తాత వేలు చూపించేది.

ఒక్కటే ఒక్కసారి ఆయన ఏదో అడగడం విన్నాను. “అయ్యా, బడికాడి ట్యాంకు నుంచి మా పల్లెకి పైపు ఏపిస్తే ఆడోళ్లకి శానా మేలయ్యా.” మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్లు గారపట్టి, నడుములు వంగిపోయిన మనుషులు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. బడి దగ్గర ట్యాంకుకు వచ్చే నీళ్లు కాస్త నయం. పల్లెకు అది రెండు ఫర్లాంగుల దూరం. తాత “చూద్దాంలేరా” అన్నాడు. ఆ పదవీకాలం మొత్తం ఆ మాట మీదనే గడిచిపోయింది. రామాలయం నుంచి మా వీధి దాకా మాత్రం సిమెంటు రోడ్డు పడింది. ఆ చెక్కుల మీద సంతకం ఆయనదే.

మా తాత చెడ్డవాడని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఆ మనిషి కూతురి పెళ్లికి డబ్బిచ్చింది తాతే. ఆయనకు జబ్బు చేస్తే ఒంగోలు తీసుకుపోయి చూపించిందీ తాతే. అందుకే ఈ విషయం నన్ను ఇంతగా పట్టి పీడిస్తోంది. దుర్మార్గుడి చేతిలో అధికారం చిక్కితే పోల్చుకోవడం తేలిక. మంచివాడి బీరువాలో చిక్కుకుంటే, దాన్ని అడగాలంటే కృతజ్ఞత అడ్డం వస్తుంది. ప్రజాస్వామ్యంలో వేరువేరు జనాల మధ్య అధికారం పంచుకోవడం గురించి నాకున్న నమ్మకమంతా ఆ సొరుగు దగ్గరే పుట్టింది. పదవి పంచినంత మాత్రాన అధికారం పంచినట్టు కాదు. చెక్కుబుక్కు దక్కాలి, కాగితంలో ఏముందో తెలుసుకునే వీలు దక్కాలి, అన్నిటికంటే ముందు ‘వద్దు’ అంటే ఆగేటట్టు ఉండాలి. ఈ మూడూ తీసుకునేవాడి చేతికి రానంతకాలం, ఇచ్చేవాడు ఎంత ధర్మాత్ముడైనా అది దయే అవుతుంది.

“పెద్దమనుషులు” అనే మాటను మనం ఎంత తేలిగ్గా వాడతామో ఆలోచించండి. ఊరి తగువు తీర్చేది పెద్దమనుషులు. ఏకగ్రీవం చేసేదీ వాళ్లే. మన రాష్ట్రాల చరిత్రలో కూడా అదే మాట ఉంది. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఢిల్లీలో కుదుర్చుకున్నదాన్ని పెద్దమనుషుల ఒప్పందమనే పిలిచాం. మంత్రివర్గంలో 60, 40 పాళ్లు ఉండాలన్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి రావాలన్నారు. ఆ ఏడు నవంబర్ 1న రాష్ట్రం ఏర్పడింది, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ మొదటి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రే లేడు. 1969లో తెలంగాణ, 1972లో ఆంధ్ర రగలడానికి ఇదొక్కటే కారణమనను. కానీ మాటిచ్చినవాళ్లే దాన్ని అమలు చేసేవాళ్లు కూడా అయినప్పుడు, తప్పితే అడగడానికి ఎవరూ మిగలరు.

దానికంటే మా ప్రాంతానికి దగ్గరి కథ ఇంకొకటుంది. మా వైపు కుర్రాళ్లలో ఎక్కువమందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు ఒక ఒడంబడికకు వచ్చారు. కోస్తా వాళ్లతో కలిసి రాష్ట్రం అడిగితే తమ సంగతేమిటన్నది సీమ వాళ్ల భయం. ఆ భయం తీర్చడానికి శాసనసభ సీట్లు జిల్లాకు సమానంగా పంచాలన్నారు. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమకు ఇచ్చారు. పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ల పథకాల్లో రాయలసీమకూ నెల్లూరు జిల్లాకూ ముందు చోటు ఇవ్వాలని రాసుకున్నారు.

అవును, నెల్లూరు పేరు అందులో ఉంది. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టలేదు, 1970లో గాని రాలేదు. కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు తాలూకాలు నెల్లూరులోనే ఉండేవి. అంటే ఆ మాట మా ఊరికి కూడా ఇచ్చినట్టే. 1953లో రాజధాని కర్నూలుకు, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరుకు పోయాయి. ఆ మేరకు ఒడంబడిక నిలబడింది. నీళ్ల మాట గాలికి పోయింది. మా వైపుకు కృష్ణ నీళ్లు తేవలసిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. 2024 మార్చిలో రెండో సొరంగం కూడా ప్రారంభించారు. మా చేలకు ఇంతవరకూ చుక్క రాలేదు. రాజధాని ఒక చోట పెడితే కంటికి కనిపిస్తుంది, పెట్టకపోతే గొడవ జరుగుతుంది. నీళ్లకు ‘ముందు చోటు’ ఇచ్చారా లేదా అని కొలిచే వాళ్లు ఎవరూ లేరు. 1937 మాటకు 1995లో మా తాత “చూద్దాంలేరా” కూ తేడా నాకు కనిపించదు.

ఇప్పుడు రిజర్వేషన్ దగ్గరికే వద్దాం, ఎందుకంటే మా ఊరి సర్పంచ్‌కు చట్టం ఒక పదవి నిజంగానే ఇచ్చింది. మరి అది బీరువాలోకి ఎట్లా పోయింది? సమాధానం పూనా ఒడంబడికలో ఉందని నా అభిప్రాయం. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. దాని ప్రకారం 71 సీట్లు, వాటిలో ఓటు దళితులదే. గాంధీజీ ఎరవాడ జైల్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. సెప్టెంబర్ 24న అంబేడ్కర్ ఒప్పుకోవలసి వచ్చింది. సీట్లు 148కి పెరిగాయి, వాటిలో 30 మన మద్రాసు రాష్ట్రానివి. బదులుగా ఓటు అందరిదీ అయింది. అయితే ఒక కట్టుబాటు పెట్టారు. రిజర్వుడు సీటుకు నిలబడే నలుగురిని ముందుగా దళిత ఓటర్లే ఎన్నుకోవాలి. ఆ నలుగురిలోంచి ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి. పదేళ్ల గడువుతో పెట్టిన ఆ ముందస్తు ఎన్నిక 1950 రాజ్యాంగంలోకి రాలేదు. సీట్లు మాత్రం వచ్చాయి.

ఎవరి పేరున సీటు, ఎవరి చేతిలో గెలుపు అనే ప్రశ్న అక్కడే తెగిపోయింది. మా ఊళ్లో నాలుగు ఓట్లలో పల్లెది ఒకటి. మిగతా మూడూ ఊరివి. పల్లె మొత్తం ఒక్కటై ఒకరిని కావాలనుకున్నా ఊరు కాదంటే ఆయన సర్పంచ్ కాలేడు. ఊరికి నచ్చినవాడికి పల్లెలో నాలుగు ఇళ్లు చాలు. రామాలయం అరుగు మీద ఆ రాత్రి “మన మాట వినేవాడు ఎవడు” అన్న ప్రశ్న ఒక్కటే నడిచిందని మా నాయన తర్వాత చెప్పాడు. ప్రత్యేక నియోజకవర్గాలే కావాలని నేను అనను. 1909లో ముస్లింలకు పెట్టినవి మనుషుల మధ్య గోడలను గట్టిచేశాయని నమ్ముతాను. కానీ ఆ నలుగురిని ఎన్నుకునే మొదటి అంచెను మనం ఎందుకంత సులువుగా మరిచిపోయాం? పంచాయతీ స్థాయిలోనైనా దాన్ని తిరిగి తేవచ్చు. రిజర్వయిన చోట అభ్యర్థులను ముందుగా ఆ పల్లె సభ ఎంచుకోనివ్వండి, తర్వాత ఊరంతా ఓటేయండి. ఊరికి ఒక ఎంపిక ఉంటుంది, పల్లెకు కూడా ఉంటుంది.

ఏకగ్రీవం గురించి ఇక్కడే చెప్పేస్తాను. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన ఊళ్లకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. తగాదాలు తగ్గుతాయనే సదుద్దేశం అందులో ఉందని ఒప్పుకుంటాను. కానీ పోటీ లేని ఊళ్లో బలహీనుడి ఓటు ధర సున్నా. ఓటు అడగడానికి ఏడాదికో ఐదేళ్లకో ఒకసారి పల్లెకు నడిచి రావలసిన అవసరాన్ని కూడా తీసేసి, దానికి డబ్బివ్వడం నాకు మింగుడుపడదు.

మా జిల్లా ఈ విషయంలో దేశానికి పాఠం నేర్పిన జిల్లా కూడా. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద దాడి జరిగింది. ఆరుగురు చనిపోయారు. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన మాట అది. ఇప్పుడా ఊరు బాపట్ల జిల్లాలో ఉంది, అప్పుడు ప్రకాశమే. బాధితులు చీరాల వచ్చి శిబిరం వేసుకున్నారు, అక్కడి నుంచి దళిత మహాసభ పుట్టింది. తొమ్మిదేళ్లకు, 1994 జూలై 7న నాగులుప్పలపాడు మండలం ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. ఎస్సీలకిచ్చిన వాటా ఎస్సీల లోపల సమానంగా చేరుతోందా అని అడిగింది. చాలామంది అప్పుడు, ఇప్పుడూ అది ఐక్యతను చీల్చే ప్రశ్న అంటారు. నేను అనను. పంచుకోవడమనేది ఒక మెట్టు దగ్గర ఆగిపోతే పైమెట్టు మీదున్నవాడు కొత్త పెద్దమనిషి అవుతాడు.

ఆ ప్రశ్నకు సమాధానం రావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. 2000లో రాష్ట్రం ఎ, బి, సి, డి వర్గీకరణ చట్టం చేసింది. 2004 నవంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6–1తో వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025లో మన రాష్ట్రం 15 శాతాన్ని మూడు గ్రూపులు చేసింది. రెల్లి తదితర కులాలకు 1, మాదిగ, ఉపకులాలకు 6.5, మాల, ఉపకులాలకు 7.5. ఇది చదువుకూ ఉద్యోగాలకూ వర్తించేది. ఎమ్మెల్యే సీట్లను, సర్పంచ్ సీట్లను తాకదు. ఆ చర్చ ఇంకా ముందుంది, వస్తుంది.

నేనిప్పుడు నెల్లూరులో ఉన్నత పాఠశాల సోషల్ టీచర్ని. బెల్జియం మంత్రివర్గంలో డచ్చి, ఫ్రెంచి మాట్లాడే మంత్రులు సరిసమానంగా ఉంటారని, శ్రీలంకలో 1956లో సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాష చేశాక ఏం జరిగిందో చెబుతుంటాను. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక యానాది పిల్ల లేచి, “సార్, మా వాళ్లకి ఎమ్మెల్యే సీటు యాడుండాది?” అంది. బోర్డు మీద రాశాను: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. రాష్ట్రంలో ఎస్టీలకున్న ఏడు సీట్లు ఇవే. అన్నీ ఉత్తరాన, కొండల్లో. నెల్లూరు జిల్లాలో పదిమందిలో దాదాపు ఒకరు ఎస్టీ, అందులో ఎక్కువ యానాదులే, ఒక్క సీటూ లేదు. ఆ పిల్ల పేర్లన్నీ నోటుబుక్కులో రాసుకుని, “ఇయ్యి మా ఊరికి ఎంత దూరం సార్?” అని అడిగింది.

దీనికి కుట్రేమీ అక్కర్లేదు. ఎస్టీ సీటు ఆ జనం ఎక్కువగా ఉన్న చోట పడుతుంది. యానాదులు ఒక చోట గుమిగూడి లేరు. కట్టల మీద, కాలవ గట్ల మీద, రొయ్యల గుంటల దగ్గర కాపలా గుడిసెల్లో, పులికాట్ ఒడ్డున, ఊరికి పది ఇళ్లు, ఇరవై ఇళ్లుగా చెదిరి ఉన్నారు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవి వాళ్లదే. భూమిని గీతలు గీసి ప్రాతినిధ్యం పంచే పద్ధతి చెదిరిన జనాన్ని చూడలేదు. 1996లో వచ్చిన పెసా చట్టం, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం, గిరిజన ఆవాసానికే గ్రామసభ హక్కు ఇచ్చింది. అది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతాలకు. నెల్లూరు ఆ షెడ్యూలులో లేదు. పంచాయతీల్లో ఎస్టీ సర్పంచ్ సీట్లు వస్తున్నాయి గానీ, పది గుడిసెల మనిషిని సర్పంచ్ చేసి కూర్చోబెట్టిన చోట చెక్కుబుక్కు ఎవరి ఇంట్లో ఉంటుందో నేను ఊహించుకోగలను. నా మటుకు నేను కోరేది, పెసాలో ఉన్న ఆవాస సభ అనే ఒక్క ముక్కను షెడ్యూలుతో సంబంధం లేకుండా ప్రతి పల్లెకూ, కాలనీకీ, యానాదుల ఆవాసానికీ ఇవ్వాలని. తమ దారి, తమ నీళ్లు, తమ శ్మశానం గురించిన తీర్మానం ఆ సభ దాటనిదే చెల్లకూడదు.

ఇట్లా అన్నప్పుడల్లా ఒక మిత్రుడు లెబనాన్ గుర్తుచేస్తాడు. అతని మాటను తీసిపారేయలేను. 1943లో అక్కడ ఒప్పందం ప్రకారం అధ్యక్షుడు మారోనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకరు షియా. పార్లమెంటులో క్రైస్తవులకు 6, ముస్లింలకు 5 పాళ్లు. లెక్కకు ఆధారం 1932 జనగణన. ఆ తర్వాత అక్కడ అధికారికంగా మళ్లీ జనగణన జరగలేదు, ఎందుకంటే లెక్కిస్తే వాటాలు కదులుతాయి. 1975 నుంచి 1990 దాకా అంతర్యుద్ధం. కులానికింత అని రాయి మీద చెక్కితే మనకూ అదే గతి పట్టవచ్చు. మన దగ్గర కూడా అన్ని కులాల లెక్క 1931తో ఆగిపోయిందన్నది మరవకూడదు. వచ్చే జనగణనలో కులాన్ని లెక్కిస్తామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించింది. లెక్క తీయడం మంచిదే. ఆ లెక్కతో శాశ్వతమైన వాటాలు కట్టేస్తే మాత్రం నేను ఒప్పుకోను. కుర్చీ ఎవరిదో ముందే రాసిపెట్టడంకంటే, ఎవరు కుర్చీలో ఉన్నా ఎవరి నోరూ మూతపడకుండా చూడడమే నాకు ముఖ్యం.

‘వద్దు’ అనే హక్కు ఉంటే పనులు ఆగిపోతాయని కూడా అంటారు. ఆగుతాయి. మా నెల్లూరు జిల్లాలోనే 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా వద్దన్నారు. వాళ్లలో ఎవరికీ ఏ కుర్చీ లేదు, పంచాయతీలో మూడో వంతు రిజర్వేషన్ అప్పటికింకా రాలేదు. జిల్లా అంతా ఆడవాళ్లు కదిలి సారా వేలంపాటలు ఆపారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత ఆడవాళ్లకు సీట్లు వచ్చాయి. 2011లో సగానికి పెంచారు కూడా. ఈరోజు ఎన్ని ఊళ్లలో “సర్పంచ్ గారు” అని పిలిస్తే భర్త పలుకుతున్నాడో మీకు తెలుసు. దూబగుంటలో కుర్చీ లేని అధికారం చూశాం, ఇప్పుడు అధికారం లేని కుర్చీ చూస్తున్నాం.

తాత పోయాక, బహుశా 2019లో, ఆ పాత సర్పంచ్ ఇంటికి పోయాను. మంచంలో ఉన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన్ని ‘మీరు’ అన్నాను. ఆయన ఉలిక్కిపడి లేవబోయాడు. ఆ లేవబోవడం నాకింకా కళ్లలో ఉంది. సర్పంచ్‌గా ఉన్నప్పుడు మీకెట్టా అనిపించేదని అడిగాను. చాలాసేపు పైకప్పు చూసి, “సంతకం నాదే అబ్బయ్యా. కాయితంలో ఏముందో మాత్తరం ఎవురూ చెప్పలా” అన్నాడు. పైపు సంగతి ఆయన ఎత్తలేదు. నేనే ఎత్తాను. “అదొచ్చింది లే, మొన్న” అన్నాడు. మొన్నంటే పదిహేనేళ్ల తర్వాత.

2021లో ఆయన కోడలు వార్డు మెంబరుగా గెలిచింది. ఏకగ్రీవం కాదు, పోటీలో. నేను సెలవుకు ఊరెళ్లినప్పుడు పంచాయతీ మీటింగు జరుగుతుంటే మా నాయనతో పోయి వెనక కూర్చున్నాను. తీర్మానాల పుస్తకం చేతులు మారుతూ ఆమె దాకా వచ్చింది. ముందు వరసవాళ్లు అప్పటికే సంతకాలు పెట్టేసి లేస్తున్నారు. ఆమె పుస్తకం మూసి, కార్యదర్శి ముందు పెట్టింది.

“చదవండి సార్. ఇన్నాక పెడతా.”

“రొటీనేనమ్మా, అందరూ పెట్టారు గదా.”

“చదవండి.”

ఆయన చదవడం మొదలుపెట్టాడు. మూడో అంశం దగ్గర ఆమె ఆపి, ఆ వీధిలైట్లు ఏ వీధిలో వేశారని అడిగింది. ఆరో అంశం దగ్గర మళ్లీ ఆపింది. లేచినవాళ్లు ఒక్కరొక్కరే తిరిగి కూర్చున్నారు. పొద్దెక్కిపోతోందని మా నాయన గట్టిగానే అన్నాడు. ఆమె అటు తిరిగి, “కూసుంటాంలే మామా, పనేముంది” అంది. మీటింగు రెండున్నరకు అయింది.